రాడ్డు విరిగిన డిజైర్‌కు పాత ఇంజనా, కొత్త ఇంజనా?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒక దగ్గర చేర్చుకుంటాను. మీది 2013 నాటి స్విఫ్ట్ డిజైర్ డీజిల్ బండి, 1,86,000 కిలోమీటర్లు తిరిగింది. ఖమ్మం నుంచి హైదరాబాదు వెళ్తుండగా సూర్యాపేట దాటాక ఆయిల్ లైటు వెలిగింది. ఊళ్లోకి వెళ్లి చూపిద్దామని మరో నాలుగైదు కిలోమీటర్లు నడిపేసరికి పెద్ద చప్పుడుతో ఇంజన్ ఆగిపోయింది. లిఫ్టు మీదికి ఎక్కించి చూస్తే మూడో సిలిండరు కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను కింద తిరిగే క్రాంకుకు కలిపే కడ్డీ) బ్లాకును (సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మను) పగలగొట్టుకుని బయటికి వచ్చి ఉంది. కొత్త ఇంజన్‌కు షోరూమువారు బిగింపుతో కలిపి 2,40,000 రూపాయలు చెప్పారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక వ్యాపారి అదే మోడల్ పాత ఇంజన్‌ను 72,000కు ఇస్తానన్నాడు, మీ మెకానిక్ కూలి 18,000 అడిగాడు. బాగుచేస్తే బండి మూడు లక్షలు పలుకుతుందని, ఇంకో నాలుగేళ్లు, ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్ల చొప్పున నడుపుకోవాలని మీ ఆలోచన.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంజన్లు దించి కట్టే పనిలో ఉన్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ లెక్కకు పాత ఇంజనే సరిపోతుంది. అయితే డబ్బు చేతికివ్వకముందే సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, రాడ్డు బేరింగులు మీ కళ్ల ముందు చూపించడానికి ఒప్పుకునే వ్యాపారి దగ్గర మాత్రమే కొనండి. అలా ఒప్పుకునేవాడు రెండు నెలలు వెతికినా దొరకకపోతే, లేదా ఈ బండిని ఎనిమిది, పదేళ్లు ఉంచుకోవాలన్న ఆలోచన మీకు వస్తే, అప్పుడు కొత్తదాని గురించి మాట్లాడుకోవచ్చు. ఉన్న ఇంజన్‌నే బోరు చేయించి (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను కోయించి సాపు చేయించి) కట్టుకోవడం సాధారణంగా నేను చెప్పే మొదటి మార్గం. దీని బ్లాకు పోత ఇనుముది కనుక బోరుకు బాగా నిలుస్తుంది. కానీ మీ బ్లాకుకు రంధ్రం పడింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. వెల్డింగుతో అతుకుతామని ఎవరైనా అంటే వినవద్దు.

ఏ ఇంజన్ తెచ్చినా అంతకన్నా ముందు తేలవలసిన విషయం ఒకటుంది: మీ పాత ఇంజన్ ఎందుకు పోయింది? ఆయిల్ లైటు వెలిగిందంటే ఒత్తిడి పడిపోయిందని అర్థం. సంపులో ఆయిల్ అసలు లేకపోయిందా, ఆయిల్ ఉండి కూడా పైకి ఎక్కలేదా అన్నది సంపు విప్పితే తెలుస్తుంది. ఈ 1.3 లీటరు ఇంజన్లలో నేను ఎక్కువగా చూసినది రెండోది. పదివేలకు మార్చవలసిన ఆయిల్‌ను పదిహేను, ఇరవై వేల దాకా లాగడం వల్ల అది తారులాగా చిక్కబడి, సంపు అడుగున ఉండే స్ట్రెయినరు జాలిని మూసేస్తుంది. ఇంకొన్ని బండ్లలో ఎప్పుడో సంపు విప్పి మూసిన మెకానిక్ సిలికాన్ గమ్మును ధారాళంగా పూయడం వల్ల, లోపలికి ఉబికిన గమ్ము ముక్కలు తెగి అదే జాలికి అడ్డం పడతాయి. ఆయిల్ అందని రాడ్డు బేరింగు ముందు వేడెక్కి, ఆ తరువాత క్రాంకు మీద తిరిగిపోయి, చివరికి రాడ్డునే విరగ్గొడుతుంది.

ఈ కారణం తెలియడం ఎందుకు అవసరమంటే, బేరింగు అరిగిన పొడి మీ పాత ఇంజన్‌లోనే ఆగిపోదు. ఆయిల్ కూలరులో, టర్బోకు (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరానికి) వెళ్లే సన్నని ఆయిల్ పైపులో, టర్బో బేరింగులలో అది నిలిచి ఉంటుంది. వచ్చే ఇంజన్‌కు మీ పాత ఆయిల్ కూలరు, మీ పాత టర్బో బిగిస్తే ఆ పొడి మొదటి రోజునే కొత్త బేరింగుల్లోకి చేరుతుంది. 2016లో గన్నవరం విమానాశ్రయం దగ్గర టాక్సీ నడిపే ఒకాయనకు నేను ఇలాగే ఒక పాత ఇంజన్ వేశాను. ఇంజన్ మంచిదే. ఆయన దగ్గర డబ్బు తక్కువగా ఉందని పాత ఆయిల్ కూలరును డీజిల్‌తో రెండుసార్లు కడిగి తిరిగి బిగించాను. ఎనిమిది వందల కిలోమీటర్లకే బండి తట్టుడు చప్పుడుతో తిరిగి వచ్చింది. విప్పి చూస్తే నాలుగు బేరింగుల మీదా నిలువు గీతలు, గీతల్లో మెరిసే రాగి పొడి. తప్పు నాది కనుక రెండోసారి ఖర్చు నేనే పెట్టుకున్నాను, కానీ ఆయనకు పదకొండు రోజుల సంపాదన పోయింది. అప్పటి నుంచి రాడ్డు విరిగిన బండికి పాత కూలరు తిరిగి బిగించడానికి నేను ఒప్పుకోవడం లేదు.

కొత్త ఇంజన్ సంగతికి వస్తే, షోరూమువారి 2,40,000 లెక్కలో ఏమేమి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. కొత్త ఇంజన్ అనే మాట చాలామంది అనుకున్నంత నిండైనది కాదు. సాధారణంగా వచ్చేది బ్లాకు, క్రాంకు, పిస్టన్లు, రాడ్లు బిగించి ఉన్న సగం ఇంజన్ మాత్రమే. హెడ్డు (వాల్వులుండే పై భాగం), టర్బో, ఇంజెక్టర్లు, డీజిల్ పంపు మీ పాత ఇంజన్ నుంచే ఎక్కిస్తారు. మీ బండిలో రాడ్డు విరిగినప్పుడు వాల్వులకు, రాకర్లకు దెబ్బ తగిలిందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. హెడ్డు పోయిందని ఇంజన్ దించాక తేలితే ఆ 2,40,000 అక్కడ ఆగదు. మరొక విషయం కూడా ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి తన డీజిల్ కార్లను ఆపేసింది. కనుక ఈ రోజు మీకు వచ్చే కొత్త ఇంజన్ ఎప్పుడు తయారై, ఎన్నేళ్లుగా గోదాములో ఉందో అడగాలి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ఇంజన్‌లో రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, సరిగా భద్రపరచకపోతే సిలిండరు గోడలకు తుప్పు మచ్చలు పడతాయి. వీటన్నిటికీ లిఖిత వారంటీ ఇస్తే కొత్త ఇంజన్ నిస్సందేహంగా మేలైన వస్తువే. కానీ మూడు లక్షల బండి మీద రెండున్నర లక్షలు పెట్టి, నాలుగేళ్లలో నలభై ఎనిమిది వేల కిలోమీటర్లే తిరిగే మీకు, ఆ ఇంజన్ ఆయుష్షులో ఎక్కువ భాగం తరువాత కొనేవాడికి పోతుంది. కొనేవాడు దానికి ప్రత్యేకంగా డబ్బు కట్టడు.

ఇక పాత ఇంజన్. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడమే సగం పని. ఆటోనగర్‌కు వచ్చే డిజైర్ ఇంజన్లు ముఖ్యంగా నాలుగు దారుల్లో వస్తాయి. మొదటిది, వెనుక నుంచి గానీ పక్క నుంచి గానీ గుద్దుకుని, బీమా కంపెనీ తుక్కు కింద అమ్మేసిన సొంత వాడకపు బండి. అన్నిటికన్నా మంచిది ఇదే, ఎందుకంటే ప్రమాదం జరిగే క్షణం దాకా ఆ ఇంజన్ ఆరోగ్యంగా నడుస్తూనే ఉంది. ముందు నుంచి గుద్దుకున్నదైతే రేడియేటరు పగిలాక కూడా ఇంజన్ కొంతసేపు తిరిగి ఉండవచ్చు కనుక హెడ్డు చూడాలి. రెండవది, ఢిల్లీ వైపు నుంచి వచ్చేది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ పరిసర ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని అమలు చేయమంది. ఆ తరువాత అక్కడ విప్పేసిన బండ్ల ఇంజన్లు దక్షిణానికి చాలా వచ్చాయి. వీటిలో మంచివి ఉంటాయి, అయితే చరిత్ర చెప్పే కాగితం దాదాపుగా ఉండదు. మూడవది టాక్సీ బండి ఇంజన్. డిజైర్ టూర్ పేరుతో పసుపు నంబరు మీద తిరిగిన బండ్లలో నాలుగు లక్షల కిలోమీటర్లు దాటినవి నేను ఎన్నో విప్పాను. వ్యాపారి మాత్రం తొంభై వేలు తిరిగిందని చెబుతాడు.

నాలుగవది నీట మునిగిన బండి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇది దూరపు సంగతి కాదు. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. వాటిలో తుక్కు కిందికి పోయిన బండ్ల ఇంజన్లు తరువాత అంగళ్లలోకి వస్తాయి. నిలిచి ఉండగా మునిగిన ఇంజన్‌ను వెంటనే విప్పి శుభ్రం చేస్తే బతుకుతుంది. నీళ్లలో ఉండగానే సెల్ఫ్ కొట్టిన ఇంజన్ వేరు: సిలిండరులోకి చేరిన నీరు నలగదు కనుక రాడ్డు వంగుతుంది. వంగిన రాడ్డుతో ఇంజన్ స్టార్టవుతుంది, అంగట్లో చక్కగా తిరుగుతుంది, కొన్ని వేల కిలోమీటర్ల తరువాత మీ బండికి జరిగినదే మళ్లీ జరుగుతుంది. దీన్ని పట్టుకునే గుర్తు ఏమిటంటే, ఆ సిలిండరులో పిస్టన్ మిగతా మూడింటి ఎత్తుకు రాదు. హెడ్డు విప్పితే డయల్ గేజితో అర నిమిషంలో తెలుస్తుంది, విప్పకపోయినా ఆ ఒక్క సిలిండరులో కంప్రెషన్ తగ్గి కనబడుతుంది. మునిగిందో లేదో తెలుసుకోవడానికి వ్యాపారి పైపైన కడిగిన చోట చూడకండి. స్టార్టరు మోటారు విప్పి దాని మూతి లోపల, ఆల్టర్నేటరు చుట్టల సందుల్లో, టర్బోకు గాలి వెళ్లే పైపు అడుగు వంపులో వేలు పెట్టి చూడండి. మెత్తటి ఒండ్రు ఆరిపోయి గోధుమ రంగు పొడిలాగా వేలికి అంటితే ఆ ఇంజన్‌ను అక్కడే వదిలేసి రండి.

ఏ దారిన వచ్చిందో తేల్చుకోవడానికి వ్యాపారిని ఆ బండి నంబరు అడగండి. నంబరు ఇస్తే ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో అది సొంత బండో టాక్సీనో, ఏ సంవత్సరంలో నమోదైందో కనబడుతుంది. షోరూము సర్వీసు చరిత్ర ఉంటే చివరిసారి మీటరు ఎంత చూపించిందో కూడా తెలిసే అవకాశం ఉంది. నంబరు లేదు, ఇంజన్ మాత్రమే వచ్చింది అంటే నేనైతే ధరలో కనీసం పదిహేను వేలు తగ్గించమంటాను, పరీక్షలో మాత్రం ఏమీ తగ్గించను.

పరీక్ష గురించి. అంగట్లో బ్యాటరీ తగిలించి ఇంజన్ స్టార్ట్ చేసి చూపించడాన్ని చాలామంది పరీక్ష అనుకుంటారు. అది అవసరమే, దానితో కొన్ని తెలుస్తాయి కూడా. ఇంజన్ చల్లగా ఉండగానే మీరు అక్కడ ఉండాలి, ముందే వేడిచేసి ఉంచిన ఇంజన్ తన జబ్బులను దాచుకుంటుంది. స్టార్టయిన మొదటి రెండు మూడు సెకండ్లలో టైమింగు చైను వైపు గలగల చప్పుడు వచ్చి ఆగిందా చూడండి. ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద మూతను బోర్లించండి. మూత కదలకుండా కూర్చుంటే మంచిది, ఆవిరి దూకి మూతను గెంటేస్తుంటే పిస్టన్ రింగులు పోయాయని, మన మెకానిక్‌లు అనే బ్యాక్ కంప్రెషన్ ఉందని అర్థం. తరువాత గ్లో ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల ద్వారా నాలుగు సిలిండర్ల కంప్రెషన్ గేజితో కొలిపించండి. అంకె ఎంత వచ్చిందన్నది గేజిని బట్టి, బ్యాటరీని బట్టి మారుతుంది కనుక నేను దాని కన్నా నాలుగింటి మధ్య తేడానే ఎక్కువగా చూస్తాను. పది శాతానికి మించి తేడా ఉన్న ఇంజన్ నేను తీసుకోను.

కానీ మీ బండిని చంపింది కింది భాగం, దాని సంగతి ఈ పరీక్షల్లో దేనికీ తెలియదు. అందుకే సంపు విప్పించమంటున్నాను. గంట పని, వ్యాపారికి ఇష్టం లేకపోతే దానికి కూలి మీరే ఇవ్వండి. సంపు అడుగున వేలితో గీసి ఆ ఆయిల్‌ను ఎండలో చూడండి. నల్లగా ఉంటే భయం లేదు, డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగానే ఉంటుంది, అందులో వెండి నలుసులు మెరుస్తున్నాయా అన్నదే చూడవలసింది. స్ట్రెయినరు జాలిని టార్చితో చూడండి. ఆ తరువాత రెండు రాడ్ల క్యాపులు విప్పించి బేరింగు చిప్పలు (క్రాంకును చుట్టి ఉండే రెండు అర చుట్లు) బయటికి తీయించండి. పేలుడు దెబ్బ పడేది రాడ్డు వైపు చిప్ప మీద కాబట్టి క్యాపులో ఉన్నదాన్ని చూసి సరిపెట్టుకోవద్దు. మంచి చిప్ప మొత్తం ఒకే రకమైన మసక బూడిద రంగులో ఉంటుంది. మధ్యలో రాగి రంగు బయటపడితే పైపూత అరిగిపోయిందని అర్థం. క్రాంకు మీద వేలిగోరు అడ్డంగా లాగండి, గోరుకు ఎక్కడైనా గీత తగిలితే ఆ క్రాంకు లేతు మీదికి వెళ్లవలసిందే. చూసిన తరువాత ఏ క్యాపు ఆ రాడ్డుకే, అదే దిక్కులో, కొత్త బోల్టులతో, వీలైతే కొత్త చిప్పలతో బిగించాలి. చిప్పల ఖర్చు అసలు ఖర్చులో లెక్కకు రాదు.

ఇలా చూపించమని అడిగితే, "స్టార్టింగ్ గ్యారంటీ నాది, మళ్లీ విప్పడం ఎందుకండీ" అనే వ్యాపారులే ఎక్కువ. స్టార్టింగ్ గ్యారంటీ అంటే ఇంజన్ స్టార్టవుతుందన్న హామీ మాత్రమే. మీరు అడగవలసింది బండిలో బిగించి నడిపిన రోజు నుంచి నెల రోజులు, లేదా రెండు వేల కిలోమీటర్లు, బిల్లు మీద రాతపూర్వకంగా. ఆటోనగర్‌లో పేరు నిలబెట్టుకోవాలనుకునే వ్యాపారులు ఉన్నారు, మర్యాదగా అడిగితే రాసిస్తారు.

మోడల్ సరిచూసుకోవడంలో పొరపాటు చేయకండి. ఫియట్ రూపొందించిన ఈ 1248 సీసీ ఇంజనే టాటా విస్టాలో, ఫియట్ పుంటోలో కూడా ఉంది, అందువల్ల అన్నీ ఒకటే అని చెప్పి తక్కువ ధరకు అంటగట్టే ప్రయత్నం జరుగుతుంది. మౌంటులు, సంపు, సెన్సర్లు, వైరింగు తేడా వస్తాయి. మారుతిలోనే ఎర్టిగా, సియాజ్ బండ్లలో వచ్చిన 90 గుర్రాల ఇంజన్‌కు టర్బో వేరు రకం, మీది 75 గుర్రాలది. మీ ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఏ అక్షరాలతో మొదలవుతుందో, తెచ్చే ఇంజన్ బ్లాకు మీద కూడా అవే ఉండాలి. ఇంజెక్టర్ల తల మీద చెక్కి ఉన్న కోడ్‌లను ఇంజన్ బిగించే ముందే ఫోటో తీసి ఉంచుకోండి, అవసరమైతే స్కానరుతో ఈసీయూలో (ఇంజన్‌ను నడిపించే కంప్యూటరులో) ఎక్కించాలి. బిగించాక వాటిని చదవడం కష్టం.

ఇప్పుడు అసలు లెక్క. 72,000 ఇంజన్ ధర, 18,000 కూలి, మొత్తం 90,000 అని మీరు రాశారు. ఇంజన్ నేల మీద ఉన్నప్పుడు తప్పక మార్చవలసినవి ఇంకా ఉన్నాయి: టైమింగు చైను సెట్టు, వాటర్ పంపు, థర్మోస్టాటు, క్రాంకు ముందు వెనుక ఆయిల్ సీళ్లు, క్లచ్ సెట్టు, ఆయిల్ కూలరు, ఆయిల్, కూలెంటు, ఆల్టర్నేటరు తిప్పే బెల్టు. చైను గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ ఇంజన్‌లో బెల్టు కాక చైను ఉండటం వల్ల దానికి మార్పే అక్కరలేదని చాలామంది నమ్ముతారు, కానీ ఆయిల్ సరిగా మార్చని బండ్లలో చైను సాగి, పళ్లు దాటి, రాకర్లు విరిగిన కేసులు నా దగ్గరికే ఏడాదికి అయిదారు వస్తాయి. ఇంజన్ బయట ఉండగా చైను మార్చడం సగం రోజు పని, బండిలో ఉండగా అంతకు మూడింతలు. నా అనుభవంలో ఈ సామాన్లన్నీ కలిపి, టర్బో ఇంజన్‌తోపాటే మంచిది వస్తే, ముప్ఫై అయిదు నుంచి నలభై వేలు అవుతాయి. అంటే మీ పోలిక 90,000కూ 2,40,000కూ మధ్య కాదు, 1,30,000కూ 2,40,000కూ మధ్య. ఆ 1,30,000 చేతిలో లేకుండా 90,000తో పని మొదలుపెట్టి, మధ్యలో చైను వద్దు, కూలరు వద్దు అని కోసుకుంటూ పోయేటట్లయితే బండిని ఉన్నది ఉన్నట్లుగా అమ్మేయమనే చెబుతాను.

కాగితాల విషయం మెకానిక్‌లు పట్టించుకోరు, మీరు పట్టించుకోవాలి. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి ఇంజన్ మారితే ఆర్‌సీ మారాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం మార్పు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియాలి, అనుమతి లేకుండా మార్పు జరిగి ఉంటే పద్నాలుగు రోజుల్లో ఆర్‌సీతో సహా నివేదించాలి. ముందే ఆర్‌టీఏ కార్యాలయానికి వెళ్లి, అదే రకం ఇంజన్ మారుస్తున్నానని దరఖాస్తు పెట్టుకుని ఆ తరువాత పని మొదలుపెట్టడం మంచిది. దానికి ఇంజన్ నంబరు వేసిన పక్కా బిల్లు కావాలి. బండి మీద ఫైనాన్సు ఉంటే ఆ కంపెనీ లిఖిత అంగీకారం కావాలి, బీమా పాలసీలోనూ నంబరు మార్పించాలి. లేకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు సర్వేయరు నంబరు చూసి క్లెయిమును పక్కన పెట్టే వీలుంటుంది. మీ బండి 2013ది కనుక 2028లో పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ముగుస్తుంది. మీరు నడపాలనుకుంటున్న నాలుగేళ్లలోనే ఆ తనిఖీ వస్తుంది, అక్కడ బ్లాకు మీది నంబరు చూస్తారు. నంబరు గీకేసినట్లు, గ్రైండరు పెట్టినట్లు కనబడిన ఇంజన్‌ను ఉచితంగా ఇచ్చినా ముట్టుకోవద్దు. నంబరు శుభ్రంగా ఉన్నా, దొంగ బండిది కాదని జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సైటులో సరిచూసుకోండి.

ఇవన్నీ దాటి ఇంజన్ బండిలో కూర్చున్నాక మొదటి స్టార్టు మీరు ఉండగానే చేయించండి. ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకి, డీజిల్ పడకుండా, ఆయిల్ లైటు ఆరేదాకా పది పది సెకండ్ల చొప్పున సెల్ఫ్ తిప్పించాలి. ఎండిపోయి ఉన్న టర్బోకు, బేరింగులకు ముందు ఆయిల్ చేరాలి. ఆ తరువాతే కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేయాలి. మొదటి అయిదు వందల కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టరు మార్చండి. ఈ ఇంజన్‌లో ఫిల్టరు కాగితపు గుళిక రూపంలో ఉంటుంది కనుక దాన్ని పారేయకుండా బ్లేడుతో కోసి, మడతలు విప్పి, తెల్ల గుడ్డ మీద పరిచి ఎండలో చూడండి. నల్ల మసి తప్ప ఏమీ లేకపోతే రెండో ఆయిల్ అయిదు వేలకు, ఆ తరువాత ప్రతి ఎనిమిది వేలకు మార్చుకుంటూ వెళ్లండి. మడతల్లో రాగి రంగు గానీ వెండి రంగు గానీ నలుసులు మెరిస్తే బండిని అక్కడి నుంచి కదిలించకుండా, ఆ ఫిల్టరునూ నెల రోజుల హామీ రాసిన బిల్లునూ తీసుకుని ఇంజన్ అమ్మిన వ్యాపారి దగ్గరికి అదే రోజు వెళ్లండి.